రహీం మాస్టారి పేరు తెలియని జెర్సీలు

మా విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లో సాయంత్రం ఆరు దాటాక ఎవరి వీపు చూసినా ఇంగ్లండే. కూరగాయల బుట్టలు దించే కుర్రాడి వీపున మాంచెస్టర్, పూలకొట్టు ముందు బండి మీద కూచున్నవాడి వీపున ఆర్సెనల్, టీకొట్టు దగ్గర నలుగురుంటే అందులో ఇద్దరు లివర్‌పూల్. అర్ధరాత్రి దాటేదాకా ఫోన్లలో ఆ ఆటలు చూసి, పొద్దున కళ్ళు నులుముకుంటూ కొట్లు తెరుస్తారు. అక్కడ ఏ కోచ్‌ని ఎప్పుడు పీకేశారో, వాడి స్థానంలో ఎవడొచ్చాడో గడగడా చెప్తారు. ఆట మీద అంత ఇష్టం ఉన్నందుకు నాకూ సంతోషమే. కానీ "సయ్యద్ అబ్దుల్ రహీం ఎవర్రా?" అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కాసేపటికి ఒకడు "ఆ... అజయ్ దేవగణ్ సినిమా కదా తాతా" అంటాడు. 2024లో 'మైదాన్' అని హిందీ సినిమా వచ్చింది కాబట్టి ఆమాత్రమైనా తెలిసింది.

ఇది నాకు కడుపు మండే విషయం. ఆసియా మొత్తం మీద ఇండియాని ఫుట్‌బాల్‌లో రెండుసార్లు మొదటి స్థానంలో నిలబెట్టినవాడు మన హైదరాబాదు బడిపంతులు. ఆయన పేరు తెలుగునాట ఫుట్‌బాల్ చూసే కుర్రాడికి తెలియదంటే తప్పు కుర్రాడిది కాదు, చెప్పకుండా ఊరుకున్న మా తరానిది, చెప్పించని బడులది, ఆట అంటే క్రికెట్ ఒక్కటే అనుకున్న ఊరిది.

మా రోజుల్లో ఇదే మార్కెట్ సందుల్లోంచి బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్ళం. బంతి అంటే ఇప్పటిలా కొనగానే ఆడుకునే బంతి కాదు. తోలు ముక్కలు కుట్టిన గుండు, లోపల రబ్బరు బ్లాడరు. సైకిలు షాపుకి తీసుకెళ్ళి పంపుతో గాలి కొట్టించాలి, బ్లాడరు గొట్టాన్ని మడిచి నూలుదారంతో బిగించి కట్టాలి, దాన్ని లోపలికి తోసి పైన తోలు లేసు అల్లి ముడెయ్యాలి. ఆ ముడి సరిగ్గా వెయ్యకపోతే తలతో కొట్టినవాడి నుదుటి మీద లేసు అచ్చు పడేది. వానాకాలంలో నీళ్ళు పీల్చి రాయిలా బరువెక్కేది. కుట్లు ఊడితే చెప్పులు కుట్టే ఆయన దగ్గర కూచుని, మైనం పట్టించిన దారంతో కుట్టించుకుని, ఆముదం రాసి ఎండలో ఆరబెట్టేవాళ్ళం. వీధి మొత్తానికి ఒక్క బంతి. దాని బాధ్యత వంతులవారీగా ఒక్కో ఇంటిది. అందుకే బంతి విలువ మాకు తెలుసు. ఇవాళ పంక్చరైతే అవతల పారేసి ఇంకోటి ఆర్డరు పెడతారు.

బూట్లు మాలో ఎవడికీ లేవు. వాల్తేరు రైల్వే కాలనీ ఆంగ్లో ఇండియన్ కుర్రాళ్ళకి ఉండేవి. వాళ్ళతో ఆడినప్పుడు మా కాలి వేళ్ళు చితికిపోయేవి. అయినా ఆదివారం వస్తే మళ్ళీ వెళ్ళేవాళ్ళం.

మాకు ఆట నేర్పింది మా డ్రిల్లు మాస్టారు. ఆయన పెద్ద ఆటగాడేం కాదు, జిల్లా స్థాయి దాటలేదు. మోకాలు దెబ్బ తిన్నాక ఆట మానేసి బడిలో చేరారు. ఒక వారం ఆయన కొత్త పద్ధతి పెట్టారు. అందరి కుడి చీలమండకీ జేబురుమాలు కట్టించారు. రుమాలు కట్టిన కాలితో బంతి ముట్టుకుంటే అవతలివాళ్ళకి ఫ్రీ కిక్. ఎడమకాలితోనే పాసివ్వాలి, ఎడమకాలితోనే గోలు కొట్టాలి. మొదటిరోజు బంతి ఎటు తంతే ఎటు పోతుందో తెలియక ఏడుపొచ్చింది. వారాలు గడిచాక రెండు కాళ్ళూ పనికొచ్చాయి. ఇంకో రోజు డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి తగలగానే ఇంకొకడికి ఇచ్చెయ్యాలి. "ఇదంతా నా తెలివి కాదర్రా, హైదరాబాద్‌లో రహీం మాస్టారి పద్ధతి" అని ఆయనే చెప్పారు. మాకు ఆ పేరు మొదట వినబడింది అలా. పేపర్లో కాదు, రేడియోలో కాదు, మట్టిలో నిలబడ్డ ఒక డ్రిల్లు మాస్టారి నోట.

రహీం కథ ఇప్పటి కుర్రాళ్ళు బాగా వినాలి. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీ జట్టుకి ఆడారు, ఆ తర్వాత ఊరి లీగులో ఖమర్ క్లబ్‌కి ఆడారు. అంతే ఆయన ఆట. దేశానికి ఆడలేదు, కలకత్తా పెద్ద క్లబ్బుల్లో ఆడలేదు. బతుకుతెరువు బడిపంతులు ఉద్యోగం. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూలు... ఇలా బడుల్లో పాఠాలు చెప్తూనే వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. చిన్న లీగులో ఆడిన ఆ మనిషి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు, 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్ అయ్యారు. చనిపోయేదాకా ఆ రెండు బాధ్యతలూ వదల్లేదు.

ఆ పోలీసు జట్టు ఏం చేసిందో చూడండి. బొంబాయిలో రోవర్స్ కప్ అంటే ఆ రోజుల్లో దేశంలోకెల్లా పెద్ద పోటీల్లో ఒకటి. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు ఆ కప్పు హైదరాబాద్ పోలీసులదే. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించారు. ఇంతా చేసి వాళ్ళు ఎవరు? పొద్దున పెరేడు చేసి, డ్యూటీ చేసి, సాయంత్రం గ్రౌండుకి వచ్చే పోలీసు ఉద్యోగులు. ఆటగాడికి ఉద్యోగం, ఉద్యోగంతోపాటు అన్నం, ఆ అన్నం భరోసాతో ఆట. నూర్ మహమ్మద్, అజీజ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్... హైదరాబాదు సందుల్లోంచి వచ్చిన ఈ పేర్లన్నీ ఒలింపిక్స్ దాకా వెళ్ళాయి.

కుర్రాళ్ళని పట్టుకోవడంలో రహీం కన్ను వేరు. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు, పేదింటివాడు. రోజూ అంత దూరం ప్రాక్టీసుకి రావడానికి డబ్బుల్లేవంటే సైకిలు ఖర్చు ఇచ్చి మరీ రప్పించారు రహీం. ఆ బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి, 1960 రోమ్ ఒలింపిక్స్‌కి వెళ్ళాడు. రోమ్‌లో హంగరీ మీద గోలు కొట్టాడు. ఒక సైకిలు ఖర్చు ఎంత పని చేసిందో ఆలోచించండి. ఇవాళ అకాడమీ అంటే ముందు ఫీజు, తర్వాత కిట్టు, ఆ తర్వాతే బంతి. అమ్ముగూడ బలరాం ఇవాళ పుడితే గేటు దగ్గరే ఆగిపోతాడు.

ఇక దేశం జట్టు సంగతి. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు. ఫైనల్లో ఇరాన్ మీద 1-0తో స్వర్ణం, కోచ్ రహీం. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడిపోయాం. చాలామంది వట్టికాళ్ళతోనే ఆడారు ఆ రోజు. మరొకరైతే కోచ్ పదవి వదిలేసి ఇంట్లో కూచునేవారు. రహీం తిరిగొచ్చి ఆటనే మార్చారు. బూట్లు తప్పనిసరయ్యాయి, పాసింగ్ మారింది, మైదానంలో ఎవడెక్కడ నిలబడాలో మారింది. నాలుగేళ్ళు తిరగ్గానే మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీఫైనల్‌కి వెళ్ళాం, నాలుగో స్థానంలో నిలిచాం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఇండియా అంత పైకి ఆ తర్వాత మళ్ళీ వెళ్ళలేదు.

1962 జకార్తా ఆసియా క్రీడలైతే చెప్పనక్కర్లేదు. అప్పటికే ఆయన ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తర్వాత థాయిలాండ్‌ని, జపాన్‌ని, సెమీస్‌లో దక్షిణ వియత్నాంని గెలిచి ఫైనల్‌కి చేరితే ఎదురుగా మళ్ళీ అదే కొరియా. స్టేడియం నిండా లక్షమంది దాకా జనం, వాళ్ళంతా మనకి వ్యతిరేకంగా అరిచేవాళ్ళే. జర్నైల్ సింగ్ అసలు బ్యాక్. తలకి దెబ్బ తగిలి కట్టుతో ఉన్నాడు. అలాంటివాణ్ణి రహీం ముందుకి పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, ఆ జర్నైల్ ఇంకో గోలు. 2-1తో స్వర్ణం. ఏ లాప్‌టాపూ చెప్పిన మాట కాదది. మనిషి గుండె ఎంత లోతో తెలిసిన మాస్టారి తెగువ. ఆ మరుసటి ఏడాదే, 1963 జూన్ 11న, ఆయన పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి మళ్ళీ స్వర్ణం రాలేదు.

మంచి కోచ్ ఇంకో పదిమంది కోచ్‌లని తయారుచేస్తాడు. హైదరాబాద్ మట్టిలో అదే జరిగింది. సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకి కెప్టెన్. ఆట మానేశాక కోచ్ అయ్యాడు. క్రమశిక్షణ అంటే ప్రాణం పెట్టే మనిషి. 1990లో ఈస్ట్ బెంగాల్ డ్యూరాండ్, రోవర్స్, ఐఎఫ్ఏ షీల్డు మూడూ గెలిస్తే కోచ్ ఆయనే. షబ్బీర్ అలీ 1974 ఆసియా యూత్ పోటీల్లో ఇరాన్‌తో కలిసి విజేతగా నిలిచిన మన కుర్రాళ్ళ జట్టు కెప్టెన్. తర్వాత కోచ్‌గా గోవా సల్గావ్‌కర్‌కి 1998-99 జాతీయ లీగు గెలిపించాడు. రహీం కొడుకు షాహిద్ హకీం కూడా ఆటగాడిగా, కోచ్‌గా, అంతర్జాతీయ రిఫరీగా బతుకంతా మైదానానికే ఇచ్చాడు.

మహమ్మద్ హబీబ్ సంగతి ప్రత్యేకం. పూజా సెలవులకి బెంగాలీలు మా ఊరికి బోలెడుమంది వస్తారు. అరకు చూసి, సింహాచలం చూసి, మా మార్కెట్‌కీ వస్తారు. నా కొట్లో జీడిపప్పు కొంటూ ఒక పెద్దాయన నాతో ఫుట్‌బాల్ మాట పెట్టుకున్నాడు. హబీబ్ పేరెత్తగానే చేతులు జోడించి "బడే మియా!" అన్నాడు. కలకత్తాలో హబీబ్‌ని అలాగే పిలిచేవారు. 1977లో పెలే ఆడిన కాస్మోస్ జట్టు ఈడెన్ గార్డెన్స్‌కి వస్తే మోహన్ బగాన్ 2-2తో నిలబెట్టింది. అందులో ఒక గోలు హబీబ్‌ది. తమ్ముడు అక్బర్ 1976లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ పోరులో 17 సెకన్లలో గోలు కొట్టాడు. హబీబ్ ఆ తర్వాత టాటా ఫుట్‌బాల్ అకాడమీలో కుర్రాళ్ళకి ఆట నేర్పాడు. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో పోయాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో బలరాం పోయాడు. కలకత్తా ఆ ఇద్దర్నీ గుండెల్లో పెట్టుకుంది. మన ఊళ్ళలో ఎన్ని బడుల్లో ఒక్క నిమిషం నిలబడ్డారో నాకు చెప్పండి.

ఇప్పటి సంగతికొద్దాం. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956-57లో, 1957-58లో గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. అంతే, అక్కడితో ఆగిపోయింది. 2024 డిసెంబరు 31న ఆ ట్రోఫీ ఫైనల్ హైదరాబాద్‌లోనే జరిగింది. ఆడింది బెంగాల్, కేరళ. మన నేల మీద మనం ప్రేక్షకులం.

2020లో జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఐ-లీగ్‌లోకి కొత్త జట్టుకి అనుమతి ఇచ్చినప్పుడు శ్రీనిధి జట్టు పేరు పక్కన విశాఖపట్నం అని రాశారు. ఆ రోజు పేపరు మార్కెట్ అంతా తిప్పి చూపించాను. జట్టు మంచిదే, 2022-23లో, 2023-24లో రెండో స్థానంలో నిలిచింది. కానీ దాని సొంత మైదానం హైదరాబాద్ శివార్లలో. మా కుర్రాళ్ళు సిటీ బస్సెక్కి వెళ్ళి చూడగలిగే చోట కాదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. మూడేళ్ళు తిరగ్గానే ఆ జట్టు పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది. మా రోజుల్లో జట్టు అంటే ఊరి మనిషి. ఊరు వదిలి ఎక్కడికి పోతుంది? ఇవాళ జట్టుని కొంటారు, అమ్ముతారు, సామాను సర్దుకుని ఇంకో ఊళ్ళో దింపుతారు.

ఇదంతా చెప్తే జెర్సీల కుర్రాళ్ళు ఒకటే మాట అంటారు: "తాతా, ఇంగ్లండ్‌లో ఆట వేరు, అక్కడ కోచ్‌లు వేరు." సరే, ఇంగ్లండ్ మాటే మాట్లాడుకుందాం. మీరు ఫోన్లలో చూసేది పైన ఉన్న 20 జట్లని. అక్కడ మొదటి నాలుగు డివిజన్లలోనే 92 క్లబ్బులున్నాయి. వాటి కింద ఇంకా ఎన్నో లీగులు. చిన్న చిన్న ఊళ్ళలో, వానలో, కొన్ని వందలమంది ముందు జీవితమంతా ఆడి, పేరు రాకుండానే ఆట మానేసేవాళ్ళు వేలమంది. వాళ్ళలోంచే కోచ్‌లు పుడతారు. హెర్బర్ట్ చాప్‌మన్ ఇంగ్లండ్ దేశానికి ఎన్నడూ ఆడలేదు, మామూలు ఆటగాడు. కోచ్ అయ్యాక హడర్స్‌ఫీల్డ్‌కి 1924లో, 1925లో, ఆర్సెనల్‌కి 1931లో, 1933లో లీగు గెలిపించాడు. ఆర్సెనల్ జెర్సీ వేసుకునే మా పూలకొట్టు కుర్రాడికి ఆ పేరూ తెలియదు! లాంకషైర్ మనిషి జిమ్మీ హోగన్ సాదాసీదా ఆటగాడు. వియన్నా, బుడాపెస్ట్ వెళ్ళి ఆట నేర్పాడు. 1953లో హంగరీ వెంబ్లీలో ఇంగ్లండ్‌ని 6-3తో ఓడించినప్పుడు, మాకు ఆట నేర్పింది హోగనేనని హంగరీ వాళ్ళే చెప్పుకున్నారు.

మన దేశానికి వచ్చిన ఇంగ్లీషు కోచ్‌లూ అలాంటివాళ్ళే. ఇంగ్లండ్‌లో క్లబ్బులకి గోల్‌కీపర్‌గా ఆడిన హ్యారీ రైట్ కోచ్‌గా ఉండగా 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం తెచ్చుకున్నాం. స్టీఫెన్ కాన్‌స్టంటైన్ లండన్‌లో పుట్టినవాడు, ఆటగాడిగా పేరే లేదు, మోకాలి దెబ్బతో చిన్న వయసులోనే ఆట ముగిసింది. నేపాల్‌లో కోచింగ్ చేసి, 2002లో మన దేశానికి వచ్చాడు. 2015లో మళ్ళీ వచ్చినప్పుడు ఫిఫా ర్యాంకుల్లో 173కి పడిపోయిన జట్టుని 2017లో 96కి తెచ్చాడు. హైదరాబాద్ ఎఫ్‌సీకి కప్పు తెచ్చిన మనోలో మార్కెస్ కూడా స్పెయిన్ కింది లీగుల్లో ఏళ్ళ తరబడి మట్టి తిన్న కోచే.

నేను చెప్పేది ఇంతే. పెద్ద ఆటగాణ్ణి చూసి ఆట పెరగదు. ఆట పెరిగేది చిన్న లీగులో ఆడి, ఆట మానేశాక కూడా మైదానం వదలని మనిషి వల్ల. రహీం అలాంటివాడు, మా డ్రిల్లు మాస్టారు అలాంటివాడు, చాప్‌మన్ అలాంటివాడు. చిన్న లీగు లేని ఊళ్ళో ఆ మనిషే పుట్టడు. మా రోజుల్లో మా ఊరికి డబ్బు లేదు, బూట్లు లేవు, కానీ సాయంత్రమైతే జట్లున్నాయి. రైల్వే జట్టు, పోర్టు జట్టు, కాలేజీ జట్టు, వీధి జట్టు. ఇవాళ మధురవాడలో పెద్ద క్రికెట్ స్టేడియం ఉంది. 2005లో ధోనీ అక్కడే పాకిస్తాన్ మీద 148 కొట్టాడని ఊరంతా చెప్పుకుంటుంది. నేనూ చప్పట్లు కొట్టాను. కానీ పాతపట్నంలో పదకొండుమంది కుర్రాళ్ళు గోల్‌పోస్టు పాతుకునే జాగా ఏది? ఖాళీ జాగా కనబడితే బళ్ళ పార్కింగు, లేకపోతే అపార్ట్‌మెంటు. ఆట స్థలం లేని బడికి కూడా మూడంతస్తుల బోర్డు ఉంటుంది.

ఇప్పటి రోజుల్లో అన్నీ చెడ్డవని నేను అనను. కోచ్‌కి లైసెన్సు పరీక్షలొచ్చాయి, ఆడపిల్లలు నిక్కర్లు వేసుకుని ధైర్యంగా ఆడుతున్నారు, దెబ్బ తగిలితే ఫిజియో ఉన్నాడు. మాకు పసుపూ, కొబ్బరినూనే మందు. కానీ ఆ లైసెన్సు తెచ్చుకున్న కుర్రాడికి జీతమిచ్చి పెట్టుకునే బడి ఎక్కడుంది? డ్రిల్లు పీరియడ్ లెక్కల మాస్టారికి ఇచ్చేస్తుంటే, ఆట నేర్చుకున్నవాడు డెలివరీ బండెక్కక ఏం చేస్తాడు?

అందుకని అడగాల్సినవాళ్ళని అడుగుతున్నాను. బడులు నడిపే అయ్యలారా, డ్రిల్లు పీరియడ్ డ్రిల్లు మాస్టారికి వదిలెయ్యండి. నగరపాలక సంస్థ పెద్దలారా, పాతపట్నంలో ఒక్క గ్రౌండుకి సాయంత్రం రెండు గంటలు తాళం తియ్యండి. పోర్టులో, రైల్వేలో, స్టీల్ ప్లాంటులో ఆడి రిటైరైన అన్నలారా, ఇంట్లో టీవీ ముందు కూచోకుండా ఒక విజిల్ మెడలో వేసుకుని రండి. పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్, బురుజుపేట, జాలారిపేట కుర్రాళ్ళతో వారానికొక మ్యాచ్ ఉండే చిన్న లీగు పెడదాం, రహీం మాస్టారి పేరు పెడదాం. బంతులు, వలలు కొనే ఖర్చు మార్కెట్ వ్యాపారులం పంచుకుంటాం, ముందు నా వాటా నేను ఇస్తాను. జెర్సీ ఏ దేశానిదైనా వేసుకోండి బాబూ, నాకేం అభ్యంతరం లేదు. ఆదివారం పొద్దున మాత్రం ఫోన్ ఇంట్లో పెట్టి గ్రౌండుకి రండి.